పుట్టింటి పచ్చలు

ఏ ఆపదకో పుట్టింటి నగ తాకట్టుకి వెళ్ళి, వడ్డీ మీద వడ్డీ పెరిగి, ఇక తిరిగి ఇంటికి రాకపోతే ఆ బాధ ఎలా ఉంటుందో మన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పోయింది కాస్త బంగారమేగా అంటారు మగవాళ్ళు. వాళ్ళకి తూకమే కనిపిస్తుంది. మనకి మాత్రం పండక్కి పండక్కి ఆ గొలుసు వేసుకుని పీట మీద కూర్చున్న అమ్మ కనిపిస్తుంది.

ఇలాంటి బాధే ఒక మహారాణికీ వచ్చిందంటే నమ్ముతారా? అదీ రవి అస్తమించని సామ్రాజ్యమని పేరుపడ్డ బ్రిటన్ సింహాసనం ఎక్కిన ఏడాదే! పుట్టింటి పచ్చలు పరాయి ఇల్లాలి పెట్టెలోకి వెళ్ళిపోతే, వాటిని డబ్బిచ్చి మరీ వెనక్కి తెప్పించుకున్న ఆ రాణి పేరు మేరీ. ఐదో జార్జి చక్రవర్తి భార్య. 2022లో కన్నుమూసిన రెండో ఎలిజబెత్ రాణికి స్వయానా నాయనమ్మ.

పాత ఫొటోల్లో మేరీ రాణిని చూసే ఉంటారు. నిటారుగా నిలబడ్డ పొడుగాటి మనిషి. మెడ కనబడకుండా వజ్రాల కుత్తికంటు, దాని కింద వరసలు వరసలుగా హారాలు, గుండెల నిండా బ్రోచీలు, నెత్తిన కిరీటం. ముఖంలో నవ్వు మాత్రం దాదాపు కనిపించదు. ఏడువారాల నగలూ ఒక్కరోజే దిగేసుకున్నట్టుండే ఈ మనిషికి నగల పిచ్చి అని ఒక్క మాటలో తేల్చేసినవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. కానీ ఆ పెట్టె లోపల ఏముందో చూడాలంటే ఆవిడ చిన్నతనం దగ్గర్నుంచీ మొదలుపెట్టాలి.

అప్పుల మధ్య రాచబిడ్డ

1867 మే 26న లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో పుట్టిందామె. పుట్టిన నెల పేరే ముద్దుపేరు కూడా అయింది. ఇంట్లో అందరూ మే అనే పిలిచేవారు. తల్లి మేరీ అడిలైడ్ మూడో జార్జి రాజుకి మనవరాలు, విక్టోరియా రాణికి పినతండ్రి కూతురు. తండ్రి ఫ్రాన్సిస్, డ్యూక్ ఆఫ్ టెక్. జర్మనీలోని వూర్టెంబర్గ్ రాజవంశంవాడే. అయితే అతని తండ్రి హోదాలో తనకంటే తక్కువ ఇంటి పిల్లని, ఒక హంగేరీ ప్రభువు కూతుర్ని చేసుకున్నాడు. దాంతో పిల్లలకి సింహాసనం మీద హక్కూ లేదు, చెప్పుకోదగ్గ ఆస్తీ లేదు. వంశం గొప్పది, చెయ్యి మాత్రం ఖాళీ.

తల్లిది ధారాళమైన చెయ్యి. ఆవిడకి పార్లమెంటు ఏడాదికి 5,000 పౌన్లు ఇచ్చేది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు. అయినా విందులకీ, వేషాలకీ, దానధర్మాలకీ ఏ మూలకీ వచ్చేది కాదు. అడిగినవాళ్ళకి లేదనేది కాదు, దుకాణాల్లో బాకీ తీర్చేదీ కాదు. చివరికి 1883లో అప్పులవాళ్ళ బాధ పడలేక సంసారమంతా ఇటలీలోని ఫ్లోరెన్స్‌కి తరలిపోయింది. ఖర్చు తగ్గుతుందని ఒకటి, నలుగురి కళ్ళూ తప్పించుకోవచ్చని మరొకటి. అక్కడ అసలు పేరు కూడా చెప్పుకోకుండా మారుపేరుతో ఉన్నారు.

అప్పటికి మేకి పదహారేళ్ళు. పెళ్ళీడు పిల్ల. ముగ్గురు తమ్ముళ్ళకి అక్క. పరువుకోసం ఊరొదిలి వచ్చిన తల్లిదండ్రుల్ని చూస్తూ రెండేళ్ళు గడిపింది. ఆ రెండేళ్ళూ ఊరికే పోనివ్వలేదు. ఫ్లోరెన్స్ చర్చిల్లో, మ్యూజియంల్లో బొమ్మలు చూసింది. పాత వస్తువు విలువేమిటో, దాని వెనక కథ ఏమిటో తెలుసుకోవడం అక్కడే అలవాటైంది. 1885లో ఇంగ్లండు తిరిగొచ్చాక తల్లికి చేదోడువాదోడుగా ఉత్తరాలూ, సేవా కార్యక్రమాల పనులూ చూసుకుంది. తల్లి సభలకి ఎప్పుడూ ఆలస్యమే. కూతురు నిమిషం తప్పేది కాదు. తల్లికి వచ్చే పోయే లెక్క ఉండేది కాదు. కూతురు జీవితమంతా ప్రతి వస్తువుకీ చీటీ రాసిపెట్టింది. అప్పులిల్లు కొందరిని ఖర్చుమనిషిగా తయారుచేస్తే, కొందరి చేత ఇలా గట్టిగా కొంగు ముడి వేయిస్తుంది.

అన్నతో నిశ్చయం, తమ్ముడితో పెళ్ళి

ఆస్తి లేని అమ్మాయి అయినా మే తెలివితేటలూ, నిలకడా విక్టోరియా రాణికి నచ్చాయి. తన మనవడు, సింహాసనానికి రెండో వారసుడు ఆల్బర్ట్ విక్టర్‌కి చేసుకోవాలనుకుంది. 1891 డిసెంబరులో నిశ్చయమైంది. ఫిబ్రవరిలో పెళ్ళి. ఇంతలో దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా. పెళ్ళికొడుక్కీ వచ్చింది, న్యుమోనియాగా మారింది. 1892 జనవరి 14న మే కళ్ళముందే అతను పోయాడు. నిశ్చయమై ఆరు వారాలే. అతనికి 28, ఆమెకి 24.

మన దగ్గరైతే ఆ పిల్లని ఎన్ని మాటలనేవారో ఊహించుకోండి. అక్కడా గుసగుసలు తప్పలేదు. అయితే అన్న పోయిన దుఃఖంలో ఉన్న తమ్ముడు జార్జి, ఈ అమ్మాయి ఒకరినొకరు ఓదార్చుకుంటూ దగ్గరయ్యారు. 1893 మేలో నిశ్చయం, జులై 6న పెళ్ళి. పెద్దలు కుదిర్చిన పెళ్ళే అయినా ఇద్దరూ ఒకర్నొకరు విడవకుండా 42 ఏళ్ళకి పైగా కాపురం చేశారు. ఇద్దరూ మొహమాటస్తులే. మనసులో మాట ఎదురుగా చెప్పుకోలేక ఉత్తరాల్లో రాసుకునేవారు.

ఆ పెళ్ళి కానుకల్లో ఒకదాని సంగతి చెప్పుకోవాలి. బ్రిటన్, ఐర్లండ్ ఆడపిల్లలంతా చందాలు వేసుకుని గారార్డ్ అనే నగల దుకాణంలో వజ్రాల టియారా కొని ఇచ్చారు. టియారా అంటే తల ముందుభాగాన అర్ధచంద్రాకారంలో పెట్టుకునే చిన్న కిరీటంలాంటి నగ. అక్కడి గొప్పింటి ముత్తైదువులు విందులకి పెట్టుకుంటారు. సరిగ్గా పెళ్ళికి రెండు వారాల ముందు, జూన్ 22న, విక్టోరియా అనే యుద్ధనౌక మునిగి 358 మంది నావికులు చనిపోయారు. టియారా కొనగా మిగిలిన చందా డబ్బుని ఆ నావికుల భార్యాబిడ్డలకి ఇచ్చెయ్యమని మే కోరింది. పెళ్ళి కానుకలో సగం సొగసు ఆ మాటలోనే ఉందనిపిస్తుంది నాకు.

ఈ టియారా గుర్తుపెట్టుకోండి. దీని కథ ఇంకా ఉంది.

లాటరీలో వచ్చిన పచ్చలు

ఇక అసలు పచ్చల సంగతి. మే అమ్మమ్మ అగస్టా, కేంబ్రిడ్జ్ డ్యూక్ భార్య. ఆవిడ 1818లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ధర్మకార్యం కోసం పెట్టిన లాటరీలో టిక్కెట్లు కొంది. బహుమతిగా చిన్న పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే 40 దాకా పచ్చలు! సానబట్టి నున్నగా గుండ్రంగా తీర్చిన మేలిరకం రాళ్ళు. కొన్నిటిని చెవులకీ మెడకీ చేయించుకుంది. 1889లో ఆవిడ పోతే అవి మే తల్లికి వచ్చాయి. ఇల్లు అప్పులపాలైనా ఆ పచ్చలు మాత్రం చెయ్యిదాటిపోలేదు.

1897లో తల్లి పోయింది. పచ్చలు మేకి రాలేదు. రెండో తమ్ముడు ఫ్రాంక్ చేతికెళ్ళాయి. అందగాడు, మాటకారి, పేకాటా గుర్రప్పందేలూ తెలిసినవాడు. 1895లో ఐర్లండులో ఒక్క పందెంలో 10,000 పౌన్లు పోగొట్టుకున్నాడు. చేతిలో అంత డబ్బెక్కడిది? కుటుంబం పరువు పోతుందని పెద్దలంతా కలిసి సర్దుబాటు చేసి, అతన్ని సైన్యంతో ఇండియాకి పంపించారు. బుద్ధి వస్తుందనుకున్నారు కానీ పెద్దగా రాలేదు. పెళ్ళి చేసుకోలేదు. కిల్మోరీ ప్రభువు భార్యతో మాత్రం చనువు పెంచుకున్నాడు. అక్కా తమ్ముళ్ళకి కొన్నాళ్ళు మాటల్లేకుండా పోయాయి.

1910 మే 6న మామగారు ఏడో ఎడ్వర్డ్ పోవడంతో జార్జి రాజయ్యాడు, మే మేరీ రాణి అయింది. ఆ అక్టోబరులోనే ఫ్రాంక్ నలభై ఏళ్ళకే జబ్బుచేసి చనిపోయాడు. వీలునామా విప్పి చూస్తే తల్లి పచ్చల్ని కిల్మోరీ ప్రభువు భార్యకి రాసి ఉంచాడు!

రాణిగారికి ఎంత తలవంపులై ఉంటుందో! పట్టాభిషేకానికి ఏడాది కూడా లేదు. పత్రికలకెక్కితే తమ్ముడి కథంతా వీధినపడుతుంది. ఆవిడ రెండు పనులు చేసింది. తమ్ముడి వీలునామా బయటివాళ్ళెవరూ చూడకుండా కోర్టుచేత 1911లో సీలు వేయించింది. తర్వాత ఆ పచ్చలకి డబ్బు చెల్లించి వెనక్కి తెప్పించుకుంది. 10,000 పౌన్లని చెప్పుకుంటారు. తమ్ముడు గుర్రం మీద పోగొట్టిందెంతో, అక్క పచ్చలకి పెట్టిందీ అంతే అన్నమాట!

అంతఃపురంలో అంతకు మించిన నగలు రాశులు పోసి ఉంటాయి. అత్తవారింటి సొత్తుకి లోటు లేదు. అయినా అమ్మ పచ్చలే కావాలనుకుంది. ఎందుకో మనకి తెలుసు కదూ!

ఢిల్లీ దర్బారులో ఆ పచ్చలే

తెప్పించుకున్నవాటిని పెట్టెలో పెట్టి తాళం వెయ్యలేదు. 1911 డిసెంబరు 12న ఢిల్లీలో దర్బారు. బ్రిటన్ రాజకిరీటాలు దేశం దాటకూడదని కట్టడి ఉంది కాబట్టి రాజుకి వేరే కిరీటం తయారైంది. రాణికోసం గారార్డ్ వాళ్ళు ఎత్తయిన వజ్రాల టియారా చేశారు. దాని మీద వరసగా పైకి నిలబెట్టిన పచ్చలు ఏవనుకున్నారు? లాటరీలో వచ్చిన అమ్మమ్మ పచ్చలే! ఒకప్పుడు అప్పులవాళ్ళకి భయపడి ఊరొదిలిన పిల్ల, ఆ ఇంటి రాళ్ళనే నెత్తిన పెట్టుకుని కోట్లాది ప్రజలకి మహారాణిగా కూర్చుంది. భారత స్త్రీల తరఫున పాటియాలా మహారాణి కూడా ఆమెకొక నగ బహూకరించింది.

మన దేశం ఆవిడకి కొత్తేమీ కాదు. యువరాణిగా ఉన్నప్పుడు 1905-06లో భర్తతో వచ్చి ఊరూరా తిరిగింది. అప్పుడే హైదరాబాదు కూడా వచ్చి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బస చేశారు. రాకముందే మన దేశం గురించి పుస్తకాలు తెప్పించుకుని చదివింది. ఆవిడకి మన దేశమంటే నిజంగానే ఇష్టం.

ఇష్టం సంగతి సరే, ఆ వైభవానికి సొమ్మెక్కడిదన్న ప్రశ్నని మాత్రం మనం దాటెయ్యలేం. 1911 జూన్ 22న పట్టాభిషేకానికి ఆవిడ పెట్టుకున్న కిరీటంలో 2,200 వజ్రాలు, వాటి నడుమ మన కోహినూరు. గుంటూరు సీమలో కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రమది. చేతులు మారి మారి పంజాబు చేరింది. 1849లో పంజాబుని కలుపుకున్నప్పుడు పదేళ్ళ పసివాడు దులీప్ సింగ్ చేత కంపెనీవాళ్ళు దాన్ని వదులుకునేలా చేశారు. తన పుట్టింటి పచ్చలు పరాయివాళ్ళ దగ్గరుంటే నిద్రపట్టని ఇల్లాలు, ఇంకొకరి ఇంటి నుంచి వచ్చిన వజ్రాన్ని నిశ్చింతగా నెత్తిన పెట్టుకుంది. ఆ రోజుల్లో రాణులెవరికీ అందులో తప్పు తోచలేదు. ఈవిడకీ తోచలేదు.

దక్షిణాఫ్రికా వజ్రాలదీ ఇంచుమించు ఇలాంటి కథే. 1905లో అక్కడి గనిలో 3,106 క్యారెట్ల కలినన్ వజ్రం దొరికింది. మన లెక్కలో అరకిలో పైమాటే! 1907లో ఏడో ఎడ్వర్డ్‌కి కానుకగా ఇచ్చారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆషర్ అనే వజ్రాల పనివాళ్ళు దాన్ని తొమ్మిది పెద్ద రాళ్ళుగా, ఇంకా ఎన్నో చిన్న రాళ్ళుగా కోశారు. పెద్దవి రెండూ రాజచిహ్నాల్లోకి వెళ్ళాయి. పనివాళ్ళు కూలికింద ఉంచుకున్న రాళ్ళలో చాలావాటిని దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొని 1910లో మేరీకి బహూకరించింది. వాటిలో 94 క్యారెట్లదీ, 63 క్యారెట్లదీ కలిపి ఆవిడ ఒక బ్రోచీ చేయించుకుంది. మనవరాలు ఎలిజబెత్ దాన్ని నాయనమ్మగారి వజ్రపు ముక్కలని సరదాగా పిలుచుకునేదట. ముక్కలు అలా ఉంటే బండ ఎలా ఉండేదో!

చెరిపించడం, చేయించడం

మేరీ రాణి నగల్ని దేవుడి గదిలో విగ్రహాల్లాగా కదపకుండా ఉంచే రకం కాదు. మన అమ్మలు పాత కాసులపేరు చెరిపించి నెక్లెసు చేయించినట్టే, ఆవిడా ఎప్పుడూ ఒకదాన్ని విప్పి మరొకటి చేయిస్తుండేది. ఆడపిల్లలు ఇచ్చిన ఆ పెళ్ళి టియారా ఉంది చూశారూ, దాని పైన మొదట 13 పెద్ద ముత్యాలుండేవి. 1914 ప్రాంతంలో వాటిని తీయించి వజ్రాలు పెట్టించింది. తీసిన ముత్యాలు వృథా పోలేదు. అమ్మమ్మ అగస్టా పెట్టుకునే ముడుల టియారా ఒకటి ఆవిడకి చిన్నప్పటినుంచీ ఇష్టం. అది వేరే శాఖకి వెళ్ళిపోయింది. అచ్చం దానిలాంటిదే తన దగ్గరున్న రాళ్ళతో, ముత్యాలతో చేయించుకుంది. విల్లుల్లాంటి ముడుల కింద వేలాడే ముత్యాలతో ఉండే ఆ టియారానే తర్వాత డయానా, ఈ మధ్య కేథరిన్ పెట్టుకోగా ఫొటోల్లో మనమంతా చూశాం.

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. జారు చక్రవర్తి పినతల్లి మరియా పావ్లోవ్నా కాకసస్ కొండల వైపు వెళ్ళిపోయింది. ఆవిడ నగలు పెట్రోగ్రాడ్ భవనంలోనే ఉండిపోయాయి. స్టాప్‌ఫోర్డ్ అనే ఇంగ్లీషు మిత్రుడు కూలివాడి వేషంలో లోపలికెళ్ళి వాటిని సంచుల్లో తెచ్చి లండన్ చేర్చాడని చెబుతారు. 1920లో ఆవిడ పోయాక కూతురికి డబ్బు అవసరమైంది. పదిహేను వజ్రాల వలయాలూ, ఒక్కోదాంట్లో ఊగే ముత్యమూ ఉన్న తల్లి టియారాని 1921లో మేరీ రాణికి 28,000 పౌన్లకి అమ్మింది. ప్రయాణంలో వంకరపోయిన దాన్ని మేరీ బాగుచేయించి, ముత్యాల బదులు తన పచ్చలు కూడా తగిలించుకునేలా ఏర్పాటు చేయించింది. చూశారా, మళ్ళీ అమ్మ పచ్చలే!

కష్టంలో ఉన్న చుట్టాల సొమ్ము చౌకగా కొట్టేసిందని అప్పట్లో కొందరు చెవులు కొరుక్కున్నారు. జారు తల్లి నగలు 1928 తర్వాత అమ్మకానికి వచ్చినప్పుడు ఈవిడ కొన్న వాటి మీద కూడా ఈ మాటే వచ్చింది. తర్వాత లెక్కలు తీసి చూసినవాళ్ళు ఆ మాట నిలవదన్నారు. అయితే ఎవరింటికైనా వెళ్ళి పాత వస్తువుని అదేపనిగా మెచ్చుకుంటే, ఇంటివాళ్ళు కాదనలేక ఇచ్చేసేవారన్న అపవాదు మాత్రం ఆవిడ్ని వదల్లేదు. ఈవిడ వస్తోందంటే మంచి సామాను దాచేసేవారని హాస్యంగా చెప్పుకునేవారు.

లెక్కకి అందని సొమ్ము

ప్రతి రాయీ ఎక్కడిదో, ఎవరి నుంచి వచ్చిందో రాసిపెట్టుకున్న ఈ తల్లి, కన్నబిడ్డల దగ్గర మాత్రం అంత జాగ్రత్తగా లేదేమో. ఐదుగురు కొడుకులు, ఒక కూతురు. ఆ కాలపు రాచరికపు పద్ధతిలో పిల్లలు దాదుల చేతుల్లోనే పెరిగారు. సాయంత్రం కాసేపు అమ్మానాన్నల దగ్గరికి తెచ్చేవారు. పెద్దవాణ్ణి తీసుకొచ్చే దాది గదిలోకి వచ్చే ముందు పిల్లవాణ్ణి గిల్లేదట. ఏడ్చే పిల్లని తల్లిదండ్రులు వెంటనే వెనక్కి పంపేస్తారుగా! రెండోవాడికి పాలు కూడా వేళకి పట్టేది కాదు. ఈ సంగతి తెలిసి దాదిని మాన్పించడానికి చాలాకాలం పట్టింది.

ఆఖరివాడు జాన్‌కి మూర్ఛ వ్యాధి. అతన్ని సాండ్రింగ్‌హామ్ ఎస్టేటులోనే వేరే ఇంట్లో ఒక ఆయాకి అప్పగించి ఉంచారు. 1919 జనవరి 18న నిద్రలోనే పోయాడు. పదమూడేళ్ళు. పెద్దవాడు ఎనిమిదో ఎడ్వర్డ్‌గా రాజై ఏడాది తిరక్కుండానే, విడాకులు తీసుకున్న అమెరికా స్త్రీ వాలిస్ సింప్సన్ కోసం 1936 డిసెంబరు 11న సింహాసనం వదిలేశాడు. భర్త పోయిన ఏడాదే ఈ దెబ్బ. ఆవిడకి ప్రాణం పోయినా కర్తవ్యం పోకూడదు. కొడుకు అలా ఎలా చెయ్యగలిగాడో చివరిదాకా ఆవిడకి అర్థం కాలేదు. ఆ కోడలి ముఖం చూడలేదు.

నాలుగో కొడుకు, కెంట్ డ్యూక్ జార్జి, 1942 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు. రెండోవాడు ఆరో జార్జి రాజు 1952 ఫిబ్రవరి 6న నిద్రలో పోయాడు. ముగ్గురు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి ఆవిడ. బయట ఎవరూ కన్నీరు చూడలేదు. అలా పెంచారు మరి.

అలాగని ఆవిడ జీవితమంతా నగల పెట్టె ముందే గడిచిందనుకుంటే పొరపాటు. మొదటి యుద్ధం వచ్చినప్పుడు పనులు పోయిన ఆడవాళ్ళ కోసం మేరీ మకార్థర్ అనే కార్మిక నాయకురాలితో కలిసి ఉపాధి నిధి నడిపింది. రాణి ఎక్కడ, కార్మిక సంఘం ఎక్కడ! గాయపడ్డ సైనికుల ఆస్పత్రులు కాళ్ళు నొప్పెట్టేలా తిరిగింది. రెండో యుద్ధంలో బాడ్మింటన్ అనే పల్లెటూరి భవనానికి మారినప్పుడు డెబ్భై దాటిన వయసులో పాత ఇనుము ఏరించింది, చెట్లకి అల్లుకున్న తీగలు పీకించింది, దారిలో నడిచిపోయే సిపాయిల్ని కారెక్కించుకుంది. ఎనిమిదేళ్ళకి పైగా సొంత చేతులతో పెద్ద తివాసీ కుట్టింది. యుద్ధం తర్వాత దేశానికి డాలర్లు కరువైతే, 1950లో ఆ తివాసీని అమ్మి ఆ డబ్బు దేశానికివ్వమంది. కెనడా ఆడవాళ్ళ సంఘం దాన్ని కొని తమ నేషనల్ గ్యాలరీకి ఇచ్చింది.

రెండు నగల పెట్టెలు

1947 నవంబరులో మనవరాలు ఎలిజబెత్ పెళ్ళి. నాయనమ్మ ఆనాటి ఆడపిల్లలు ఇచ్చిన పెళ్ళి టియారాని ఆ పిల్లకి కానుకగా ఇచ్చింది. అదే పెళ్ళికి మన నిజాం ఉస్మాన్ అలీఖాన్ తరఫున పెళ్ళికూతురే కార్టియే దుకాణంలో వజ్రాల హారం, టియారా ఎంచుకుంది. తర్వాత నిజాం టియారాని విప్పి, ఆ వజ్రాలతో వేరేది చేయించారు. నాయనమ్మ ఇచ్చిందాన్ని మాత్రం ఎలిజబెత్ జీవితాంతం ఇష్టంగా పెట్టుకుంది. ఎన్నో నాణేల మీదా, నోట్ల మీదా ఆమె తలపై కనిపించేది అదే. మిగతా కోడళ్ళకీ ఇలాగే ఇచ్చింది. తన పెళ్ళికి అమ్మానాన్నలు పెట్టిన లేతనీలి టర్కాయిస్ రాళ్ళ సెట్టుని 1935లో మూడో కోడలు ఆలిస్‌కి కానుక చేసింది.

కొడుకు పోయిన మర్నాడు, 84 ఏళ్ళ ఆ ముసలమ్మ నల్లబట్టల్లో మనవరాలి ఇంటికెళ్ళి, వంగి ఆమె చేయి ముద్దుపెట్టుకుంది. ఇక రాణి ఆ పిల్లే కదా! 1953 మార్చి 24న కన్నుమూసింది. మనవరాలి పట్టాభిషేకం ఇంక పదివారాలే ఉంది. తను పోయినా దాన్ని వాయిదా వెయ్యొద్దని ముందే చెప్పి ఉంచింది. నగలన్నీ ఎలిజబెత్ పేరే రాసింది.

ముఖం చూడని ఆ కోడలు వాలిస్‌కీ నగల పెట్టె ఉంది. ఎడ్వర్డ్ ప్రేమతో చేయించినవి. పిల్లల్లేరు. ఆమె పోయాక 1987లో జెనీవాలో వేలం వేస్తే ఐదు కోట్ల డాలర్ల దాకా పలికాయి. డబ్బు పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళింది. వైద్య పరిశోధనకి ఉపయోగపడిన ఆ పెట్టె గొప్పదా, ఇనప్పెట్టెలో తరతరాలుగా ఉండిపోయిన ఈ పెట్టె గొప్పదా అంటే నా ఓటు ఒక్కోరోజు ఒక్కోవైపు.

2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకంలో కెమిల్లా రాణి పెట్టుకున్నది మేరీ రాణి కిరీటమే. 1911లో తన సొంత డబ్బుతో, తర్వాతి రాణులకి పనికొస్తుందని చేయించినది. కొత్తది చేయించకుండా దాన్నే వాడారు. అయితే అందులో కోహినూరు లేదు. మనవాళ్ళు అడుగుతారన్న జంకు ఇప్పటికి వచ్చిందన్నమాట! ఆ వజ్రం మాత్రం ఇప్పటికీ లండన్ టవర్‌లోనే, మరో కిరీటంలో ఉంది.

తమ్ముడి పరువు కోసం ఆవిడ వేయించిన సీలు కూడా మిగిలింది. అక్కడ మామూలు మనుషుల వీలునామాలు ఎవరైనా చూడొచ్చు. రాజకుటుంబం వాళ్ళవి మాత్రం ఫ్రాంక్‌తో మొదలుపెట్టి సీలు వేయడం ఆనవాయితీ అయింది. 2021లో ఎలిజబెత్ భర్త ఫిలిప్ వీలునామాని 90 ఏళ్ళు మూసి ఉంచమని లండన్ హైకోర్టు చెప్పిందీ ఆ దారిలోనే.

ఇన్ని చెప్పుకున్నాక ఒక్క మనిషి మిగిలిపోయింది. కిల్మోరీ ప్రభువు భార్య. ఆవిడకీ ఆ పచ్చలు ఊరికే రాలేదు. చనిపోయే మనిషి, తన దగ్గరున్న వాటిలో విలువైనది ఏదో వెతికి ఆమె పేర రాశాడు. రాణిగారి కబురు వచ్చాక ఆ పెట్టె అప్పజెప్పేటప్పుడు ఆమె మనసులో ఏముందో ఎవరూ రాసిపెట్టలేదు. డబ్బు ముట్టింది, నోరు మెదపలేదు. మేరీ రాణికి అవి అమ్మ పచ్చలు. ఆ ఇంకో ఆడమనిషికి అవి అతను ఇచ్చిన పచ్చలు. చీటీలు రాసి దాచిన ఆ నగల పెట్టెలో ఈ ఒక్క చీటీ మాత్రం లేదు.